కాళ్లు నిద్రపోని రాత్రి, కునుకు తీయని దేవుడు

శంషాబాద్‌లో ఇప్పుడు అర్ధరాత్రి కూడా పనివేళే. 2008 మార్చి 23న ఇక్కడి అంతర్జాతీయ విమానాశ్రయం నుండి విమానాలు ఎగరడం మొదలైన నాటి నుండి ఈ ఊరి రాత్రులు మారిపోయాయి. గల్ఫ్‌కు వెళ్లే కొడుకును సాగనంపడానికి వచ్చిన తల్లులు, సామాన్లు ఎత్తే కార్మికులు, క్యాబ్ డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, అంత పెద్ద ఆవరణను ఊడ్చి తుడిచే స్త్రీలు... అందరూ మేల్కొనే ఉంటారు. ఆ దీపాల వెలుగుకు కాస్త దూరంలో, చుట్టుపక్కల గ్రామాల ఇళ్లల్లో, మరికొందరు కూడా మేల్కొని ఉంటారు. వారికి నైట్ డ్యూటీ లేదు. వారిని నిద్రపోనివ్వనివి వారి నరాలే.

పాదాల్లో మంటలు, సూదులతో గుచ్చినట్టు పోట్లు, కరెంటు షాకు కొట్టినట్టు ఉన్నట్టుండి ఝల్లుమనడం... పగలంతా పనిలో పడి ఎలాగో ఓర్చుకుంటారు. రాత్రి మాత్ర వేసుకొని, ప్రార్థన చేసుకొని పడుకుంటారు. కన్ను మూతపడుతుందనగా కాలు దానంతటదే ఎగిరిపడుతుంది. ఒళ్లంతా ఒక్కసారి అదిరిపోతుంది. ఆ కుదుపుకు నిద్రపోయిన నొప్పి లేస్తుంది. నొప్పి తగ్గి మళ్లీ కునుకు పట్టేసరికి ఇంకో కుదుపు. ఇలా తెల్లవారుతుంది. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవారు, నడుములో నరం నొక్కుకుపోయినవారు, సర్పి తగ్గిన తర్వాత కూడా మంట మిగిలిపోయినవారు ఈ మాటలు చదివి ‘ఇది నా సంగతే’ అనుకుంటారు. మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మంది షుగర్‌తో జీవిస్తున్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో లెక్క తేల్చింది. షుగర్ ఎక్కువకాలం అదుపులో లేకపోతే మొదట దెబ్బతినే వాటిలో పాదాల నరాలు ఉంటాయి. కనుక ఏ సంఘంలోనైనా ఇలాంటివారు ఉండకుండా ఉండరు. వారు చెప్పుకోరు గనుక మనకు తెలియదు, అంతే!

యోబు మాత్రం చెప్పుకున్నాడు. పడుకోగానే ఎప్పుడు తెల్లవారుతుందా అని ఎదురుచూస్తూ, పొద్దుపొడిచేదాకా అటూ ఇటూ పొర్లుతున్నానని 7వ అధ్యాయంలో మొరపెట్టాడు. రాత్రి తన ఎముకలను తొలిచేస్తోందని, తనను కొరికే బాధకు విశ్రాంతే లేదని 30వ అధ్యాయంలో అన్నాడు. నరాల నొప్పితో మంచం మీద దొర్లినవారికి ఈ మాటలు విడమర్చి చెప్పనక్కరలేదు. గమనించండి, దేవుడు యోబు రాత్రుల గోడును గ్రంథంలోనుండి తీసివేయలేదు. దాన్ని తన వాక్యంలో భాగం చేశాడు.

మంచం పక్కన మరో బాధ

మా సంఘంలో ఒక సహోదరుడు ఏళ్ల తరబడి విమానాశ్రయానికి క్యాబ్ నడిపాడు. షుగర్ వల్ల పాదాల్లో మంటలు మొదలయ్యాయి. తర్వాత రాత్రులు కాళ్లు ఎగిరిపడటం మొదలైంది. ఆ ఇంటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు ఆయన భార్య, “అయ్యగారూ, ఇరవై ఏండ్ల సంది పక్కపక్కన పండుకున్నం. ఇప్పుడు నేను వంటింట్ల చాప ఏసుకుంటున్న” అని తల వంచుకొని చెప్పింది. ఆయన వెంటనే, “నేను కావాలని తన్నుతున్ననా అయ్యగారూ? కాలు నా మాట వింటలేదు” అన్నాడు. ఆ ఇద్దరి మధ్య పోట్లాట లేదు. ఉన్నది సిగ్గు, అలసట. కొసకు ఆమె గొంతు తగ్గించి అసలు భయం బయటపెట్టింది. “గాలి సోకిందని మా వాళ్లంటున్నరు. దయ్యం పట్టినోళ్లే గట్ల కొట్టుకుంటరట. మందులు ఆపి ఉపవాస కూడికకు తీస్కపొమ్మంటున్నరు.”

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ చివరి మాటే. రాత్రివేళ కాళ్లూ చేతులూ కొట్టుకునేవారిని చూసి బంధువులు దిష్టి అంటారు, గాలి అంటారు. విచారమేమిటంటే, విశ్వాసులు కూడా కొందరు పేరు మార్చి అదే మాట అంటారు. ‘నీలో ఏదో దాచిన పాపముంది’, ‘నీకు విశ్వాసం చాలదు’, ‘మందు మింగినంతకాలం దేవుడు పనిచేయడు’ అంటారు. నొప్పితో సగం చచ్చిన మనిషిపై ఈ మాటలు రాళ్లవలె పడతాయి. యోబు స్నేహితులు అలాంటి మాటలే అన్నారు. చివరికి దేవుడు కోపగించుకున్నది ఆ స్నేహితుల మీదనే (యోబు 42:7).

వాక్యం ఏమి చెబుతోంది?

మత్తయి 4:24ను జాగ్రత్తగా చదవండి. ప్రభువు వద్దకు ఎవరెవరిని తెచ్చారో సువార్తికుడు వరుసగా రాశాడు. దయ్యం పట్టినవారిని ఒక వర్గంగా, చాంద్రరోగులను మరో వర్గంగా, పక్షవాయువు గలవారిని ఇంకో వర్గంగా చెప్పాడు. ఒళ్లు కొట్టుకునే జబ్బు వేరు, దయ్యం వేరు అని రెండు వేల ఏళ్లనాడే సువార్తలో తేడా కనబడుతోంది. మరి మత్తయి 17వ అధ్యాయంలో చాంద్రరోగియైన బాలునిలోనుండి ప్రభువు దయ్యాన్ని వెళ్లగొట్టాడు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. అయితే ఆ బాలుని విషయంలో కారణమేమిటో గుర్తించినది హృదయాలను ఎరిగిన ప్రభువు. ఆ ఒక్క సంఘటనను కొలబద్దగా పట్టుకొని, కాలు ఎగిరిపడిన ప్రతివారికీ దయ్యాన్ని అంటగట్టే అధికారం మనకెవరిచ్చారు?

ప్రార్థన చేస్తే మందు ఎందుకని అడిగేవారు హిజ్కియా సంగతి చదవాలి. మరణకరమైన రోగంతో ఆయన కన్నీటితో ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, 15 ఏళ్ల ఆయుష్షు పొడిగించాడు. వాగ్దానం వచ్చేసింది గనుక ఇక వైద్యం వద్దని యెషయా ప్రవక్త అన్నాడా? లేదు. అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద కట్టించాడు (2 రాజులు 20:7). ఆ ఒకే మంచం దగ్గర ప్రార్థన, వాగ్దానం, వైద్యం మూడూ కలిశాయి.

మన తెలుగు క్రైస్తవ చరిత్ర కూడా ఇదే నేర్పింది. కుష్ఠు అంటే శాపమని జనం రోగుల్ని ఊరి బయటికి తరిమిన కాలంలో, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915లో వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ కుష్ఠురోగులకు ఆసుపత్రి నెలకొల్పారు. కుష్ఠు ప్రధానంగా నరాలను దెబ్బతీసే వ్యాధి. ఆ మెథడిస్టు మిషనరీలు ప్రార్థించారు, సూదిమందూ వేశారు. అలాంటి వారసత్వం ఉన్న మనం, నరాల జబ్బును శాపమనడం ఎంత అన్యాయం!

మంటలేని చోట మోగే గంట

నొప్పి దేవుడిచ్చిన వరమని మనం ప్రసంగాల్లో వింటుంటాం. ఇందుకు డాక్టర్ పాల్ బ్రాండ్‌ను ఉదాహరణగా చెబుతారు. మిషనరీ తలిదండ్రులకు 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టిన ఆయన, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠురోగులకు శస్త్రచికిత్సలు చేశాడు. వారి వేళ్లు పాడైపోవడానికి ముఖ్య కారణం నొప్పి తెలియకపోవడమేనని, కాలినా కోసుకున్నా తెలియక వారు చేతుల్ని, పాదాల్ని పోగొట్టుకుంటున్నారని ఆయన చూపించాడు. ఆయన చెప్పింది సత్యం. నొప్పి ఒక కాపలా గంట.

కానీ నరాల నొప్పి పడేవారికి ఈ మాట చెప్పేటప్పుడు ఒక్క క్షణం ఆగాలి. ఇక్కడ దెబ్బతిన్నది గంటే! ఇంట్లో మంటలేమీ లేకున్నా, తీగ పాడైపోయినందువల్ల గంట రాత్రంతా మోగుతూనే ఉంటుంది. పాదంమీద నిప్పు లేదు, అయినా కాలుతున్నట్టే ఉంటుంది. ‘ఈ నొప్పి ద్వారా దేవుడు నీకేదో చెబుతున్నాడు’ అని అలాంటివారితో అంటే, వారు రాత్రంతా తమ పాపాల చిట్టా వెతుక్కుంటూ ఉంటారు. ప్రతి నొప్పీ సందేశం కాదు. కొన్ని నొప్పులు పడిపోయిన ఈ లోకంలో పాడైపోయిన శరీరం చేసే మూలుగులు మాత్రమే. రోమా పత్రిక 8వ అధ్యాయంలో సృష్టి అంతా మూలుగుతోందని పౌలు చెప్పిన దానిలో మన నరాలు కూడా ఉన్నాయి.

వైద్యులు చెప్పే సంగతులు

రాత్రి కుదుపులన్నీ ఒకటి కావు. నిద్రలోకి జారుకునేటప్పుడు మెట్టు తప్పినట్టు ఒక్కసారి ఉలికిపడటం దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. అది ప్రమాదం కాదు. అలసట, నిద్రలేమి, టీ కాఫీలు ఎక్కువైతే అది పెరుగుతుంది. రెండవది, నిద్రపోతున్నప్పుడు 20 నుండి 40 సెకన్లకొకసారి బొటనవేలు, చీలమండ, మోకాలు ముడుచుకొని ఎగిరిపడటం. ఇది చాలాసార్లు పడుకున్నవారికి తెలియదు, పక్కనున్నవారికే తెలుస్తుంది. మూడవది, మెలకువగా ఉండగానే కాళ్లలో చీమలు పాకినట్టుండి, కదిపితే తప్ప ఊరుకోలేని స్థితి. లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది, పడుకుంటే మళ్లీ వస్తుంది. 17వ శతాబ్దంలో ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ దీన్ని వర్ణించాడు. 1945లో స్వీడన్ వైద్యుడు ఎక్‌బామ్ దీనికి ‘నిలకడలేని కాళ్లు’ అనే అర్థమిచ్చే పేరు పెట్టాడు. శరీరంలో ఇనుము తక్కువైనవారిలో, కిడ్నీలు దెబ్బతిన్నవారిలో, గర్భిణుల్లో ఇది ఎక్కువగా కనబడుతుంది. నరాలు దెబ్బతిన్నవారిలో కూడా వస్తుంది.

కనుక డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు నొప్పి సంగతి మాత్రమే చెప్పి రాకండి. కుదుపుల సంగతి కూడా చెప్పండి. పక్కనున్నవారు సెల్‌ఫోన్‌లో రెండు నిమిషాలు వీడియో తీసి చూపిస్తే, పది మాటలకంటె అది డాక్టరుకు ఎక్కువ ఉపయోగపడుతుంది. షుగర్, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలతోపాటు బి12, ఇనుము నిల్వల పరీక్ష అవసరమా అని అడగండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గవచ్చు, దానివల్ల కూడా నరాలు దెబ్బతింటాయి. నరాల నొప్పికి ఇచ్చే ప్రిగాబలిన్, గాబాపెంటిన్ చాలామందికి మేలు చేస్తాయి. కానీ కొందరిలో, ముఖ్యంగా కిడ్నీలు బలహీనంగా ఉన్నవారిలో, అవే కుదుపులు తెప్పించవచ్చు. నిద్ర కోసమో జలుబు కోసమో వాడే కొన్ని మాత్రలు, మనోవ్యాధికి వాడే కొన్ని మందులు కాళ్ల కదలికను పెంచవచ్చు. అందుకని ఏ మందునూ మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. అది ఇంకా ప్రమాదం. మీరు వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి.

కుదుపులతోపాటు స్పృహ తప్పినా, నాలుక కరచుకున్నా, పక్కలోనే మూత్రం పోయినా అది ఫిట్స్ కావచ్చు. కాళ్లలో బలం ఉన్నట్టుండి తగ్గినా, మలమూత్రాలు అదుపు తప్పినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పంజాగుట్టలోని నిమ్స్‌లో, ఉస్మానియాలో నరాల వైద్య విభాగాలున్నాయి. మరో మాట. నొప్పి మరచిపోవడానికి కల్లు దుకాణం దారి పట్టేవారున్నారు. మద్యం నరాలను మరింత చెడగొడుతుంది, నిద్రను ముక్కలు చేస్తుంది. మత్తుమందు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడి ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. అలాంటివారు వైద్యుల సాయంతోనే మానాలి.

పాదాలకు స్పర్శ తగ్గినవారు వేడినీళ్ల కాపడం పెట్టకూడదు. కాలినా వారికి తెలియదు. సాయంత్రం తర్వాత టీ తగ్గించడం, రోజూ ఒకే వేళకు పడుకోవడం, పడుకునే ముందు పిక్కలను మెల్లగా సాగదీయడం కొందరికి ఉపశమనమిస్తాయి. నిద్రలేని రాత్రి గడిపి పొద్దున్నే స్టీరింగ్ పట్టుకోవద్దు. భార్యాభర్తలు కొన్నాళ్లు వేరే పరుపులు వేసుకుంటే అది కాపురంలో లోపమేమీ కాదు. ఇద్దరిలో ఒకరైనా నిద్రపోతేనే రెండోవారిని చూసుకోగలరు. పడుకునేముందు ఇద్దరూ చేతులు పట్టుకొని ఒక్క నిమిషం ప్రార్థించుకోండి. పరుపులు వేరైనా ఆ నిమిషం పోగొట్టుకోకండి.

పోని ముల్లు

ఇన్ని చేసినా కొందరికి పూర్తిగా పోదు. ఈ మాట ఆరోగ్యవంతులు చెబితే చేదుగా ఉంటుంది గనుక ఒక సంగతి చెప్పాలి. నడుము నరం నొక్కుకుపోయి నాకూ కొన్నేళ్లుగా ఎడమకాలిలో నొప్పి ఉంది. కొన్ని రాత్రులు ఆ కాలు నన్నూ లేపుతుంది. నొప్పి తీసివేయమని అడిగాను, ఇంకా అడుగుతూనే ఉన్నాను. అలా అడగడం తప్పు కాదు. పౌలు మూడుసార్లు అడిగాడు. ముల్లు పోలేదు. ఆ ముల్లుతోనే నడవడానికి చాలినంత కృప మాత్రం ఆయనకు దొరికింది (2 కొరింథీ 12). పౌలుకు విశ్వాసం తక్కువైందని అనగలవారెవరు?

తమిళనాడులోని దోనావూరులో అనాథ బిడ్డలకు తల్లియైన ఏమీ కార్‌మైకేల్ సంగతి చాలామందికి తెలుసు. 1931లో ఆమె గోతిలో పడి గాయపడింది. 1951లో ప్రభువు పిలుపు అందుకునేవరకు, దాదాపు 20 ఏళ్లు, ఎక్కువ భాగం తన గదిలోనే నొప్పితో గడిపింది. రోగులను ఓదార్చడానికి వచ్చే పుస్తకాలు ఆరోగ్యంగా ఉన్నవారు రాసినవి గనుక అవి తన మనసును తాకడం లేదని ఆమె గమనించింది. అందుకే రోగి రోగులకు రాసినట్టుగా 1933లో ఒక పుస్తకం వెలువరించింది. ఆమె మంచం ఆమె పరిచర్యకు అడ్డు కాలేదు. అలాగని ఆమె నొప్పి తక్కువదీ కాదు.

ఒక్క గడియ

గెత్సేమనేలో ప్రభువు తన శిష్యులను అడిగినది ఎంత చిన్న సాయమో ఆలోచించండి! తనతోపాటు కొంతసేపు మేల్కొని ఉండమన్నాడు. వారు నిద్రపోయారు. దేవుని కుమారుడికే రాత్రివేళ తోడు కావలసి వచ్చిందంటే, నొప్పితో మేల్కొన్నవారు తోడు కోరుకోవడం బలహీనత ఎలా అవుతుంది?

మా సంఘంలో చిన్న ఏర్పాటు చేసుకున్నాం. విమానాశ్రయంలో నైట్ డ్యూటీ చేసే సభ్యులు ఎలాగూ మేల్కొని ఉంటారు. అర్ధరాత్రి కుదుపుతో లేచి నిద్రపట్టనివారు వాట్సాప్‌లో ‘లేచి ఉన్నాను’ అని రెండు మాటలు పంపుతారు. డ్యూటీలో ఉన్నవారు వీలు దొరికినప్పుడు ‘ప్రార్థిస్తున్నాను’ అని జవాబిస్తారు. సలహాలు చెప్పకూడదు, కారణాలు వెతకకూడదు, అది నియమం. దీనివల్ల ఎవరి కాలూ ఆగలేదు. కానీ ‘ఈ ఊళ్లో నేనొక్కణ్నే మేల్కొని లేను’ అని ఆ క్యాబ్ సహోదరుడు అన్నాడు. నిమ్స్‌లో చూపించుకున్నాక ఆయన మందు మోతాదు మార్చారు. కుదుపులు కొంత తగ్గాయి, పూర్తిగా పోలేదు. దయ్యం మాట మాత్రం ఆ ఇంట్లో మళ్లీ వినబడలేదు. 130వ కీర్తనలో తెల్లవారడం కోసం ఎదురుచూసే కావలివారి మాట ఉంది. మీ సంఘంలో కూడా రాత్రి మేల్కొనే కాపలాదారులు, నర్సులు, డ్రైవర్లు ఉంటారు. నొప్పితో లేచినవారికి వారిని కావలివారిగా నియమించండి.

ఆ కావలివారికి పైన మరో కావలివాడున్నాడు. తన ప్రజలను కాచే దేవుడు కునుకు తీయడని 121వ కీర్తన ధైర్యం చెబుతోంది. రాత్రి 2 గంటలకు కాలు ఎగిరిపడి మీరు లేచినప్పుడు, ఆయనను లేపవలసిన పని లేదు. అప్పటికే ఆయన మేల్కొని ఉన్నాడు. పెద్ద ప్రార్థన చేసే శక్తి లేకపోతే ‘ప్రభువా’ అన్న ఒక్క పిలుపు చాలు. అదీ రాకపోతే మూలుగు చాలు. ఆత్మ దేవుడు మూలుగులను కూడా ప్రార్థనగా మారుస్తాడు.

ఆదికాండము 32వ అధ్యాయంలో యాకోబు కూడా ఒక రాత్రంతా నిద్రపోలేదు. యబ్బోకు రేవు దగ్గర తెల్లవారేదాకా పెనుగులాడాడు. ఆ రాత్రి దెబ్బ తగిలింది ఆయన తుంటినరానికి. నడుము నుండి కాలిలోకి దిగే ఆ పెద్ద నరమే అదని యూదుల సంప్రదాయం చెబుతుంది. అంటే మన సయాటికా నొప్పి పుట్టే నరమే! మీ నరాన్ని దేవుడే కొట్టాడని చెప్పడానికి ఈ సంగతి రాయడం లేదు. ఆ రాత్రి యాకోబుకు కొత్త పేరు వచ్చింది, ఆశీర్వాదం వచ్చింది. నొప్పి మాత్రం వెంటనే పోలేదు. పెనూయేలు దాటి వెళ్తున్నప్పుడు సూర్యుడు ఉదయించాడని, అప్పుడాయన తొడ కుంటుతూ నడిచాడని వాక్యం చెబుతోంది. దేవుడు ఆశీర్వదించిన మనిషి కుంటుతున్నాడు! ఆ కుంటు చూసి ఎవరూ ఆయనను శాపగ్రస్తుడని అనలేదు. ఇశ్రాయేలు అని పిలిచారు.